తిండిగింజల్లాగే తిండిపప్పు కూడా ఉంచుకుందాం

తిరగలిలో మినుములు విసిరి పప్పు చేయడం పై వీడియోలో చూపించాం. దాని వెనక ఉన్న లెక్క, నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నా.

విజయవాడలో ఇప్పుడు వీగన్ తిండి అనే మాట బాగా వినబడుతోంది. మాంసం, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేయడం అన్నమాట. వినగానే మనవాళ్లు "అది డబ్బున్నోళ్ల తిండండీ" అంటారు. బాదం పాల ప్యాకెట్ ధర చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, చారు. ఇందులో నెయ్యి తీసేస్తే అదీ వీగన్ భోజనమే. మన ఇళ్లలో ఈ భోజనానికి ఖర్చు పెరిగేది పప్పు కొనడం దగ్గరే.

వరి విషయంలో మనం తెలివిగానే ఉన్నాం. ఇంటికి తిండిగింజలు ఉంచుకున్నాకే మిగతా ధాన్యం అమ్ముతాం. మినుముల దగ్గరికొచ్చేసరికి కళ్లంలోనే మొత్తం కాటా వేసేస్తాం. వానాకాలం వచ్చేసరికి షాపులో కిలోల లెక్కన పప్పు కొంటాం. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు మినుము చల్లి, చేలో మిగిలిన తేమతోనే పంట తీసే డెల్టా రైతు పప్పు కొనుక్కోవడమేంటి? పైగా మందులు లేకుండా పండించింది అమ్మేసి, ఎలా పండిందో తెలియని పప్పు తింటున్నాం.

లెక్క చూడండి. నలుగురున్న ఇంటికి రోజుకి పావు కిలో పప్పు అనుకుంటే ఏడాదికి 91 కిలోలు. పప్పు చేయిస్తే పొట్టు, నూక పోను నూరు కిలోలకి 70 నుంచి 75 కిలోలు వస్తుంది. అంటే మినుములు, పెసలు, గట్ల మీద కందులు అన్నీ కలిపి 125-130 కిలోల గింజ చాలు. పొట్టుపప్పు తింటే ఇంకా తక్కువే పడుతుంది. 2025-26కి మినుము మద్దతు ధర క్వింటాలుకి 7,800 రూపాయలు, కిలో 78. ఆ ధరకి లెక్కేసినా పప్పు కిలో 104 నుంచి 111 రూపాయలు పడుతుంది. దానికి మర ఖర్చు కలిపి మీ ఊరి షాపు ధరతో పోల్చుకోండి. మీరు మద్దతు ధరకంటే తక్కువకి అమ్ముతుంటే తేడా ఇంకా ఎక్కువ.

"అప్పు వాళ్లు కళ్లం దగ్గరే నిలబడితే ఎలా ఉంచుకోవాలి?" అని కౌలు రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చాలా చోట్ల వరి కౌలుకి పోతే, చేతికి మిగిలేది మినుమే. వాళ్లని మొత్తం ఉంచమనను. ఒక్క బస్తా ఉంచినా సగం ఏడాది పప్పు కొనే పని తప్పుతుంది.

ఇంకో మాట, మజ్జిగ లేకుండా అన్నం ఎలా అని. పాడి ఉన్నవాళ్లు మానేయాలని నేననను. పాలు కొనుక్కునేవాళ్లు మాత్రం కొన్ని రోజులు పచ్చిపులుసుతో ముగించి చూడండి, నెలాఖరుకి తేడా కనబడుతుంది. పూర్తిగా వీగన్ అయ్యేవాళ్లు ఒకటి మర్చిపోవద్దు. బి12 విటమిన్ ఈ తిండిలో దొరకదు. డాక్టర్‌ని అడిగి మాత్రలు వాడాల్సిందే, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఆవు పేడ, మూత్రంతో సేద్యం చేసే మనం పొలంలో వీగన్ కాదు, అది ఒప్పుకుందాం. నేను చెప్పేది వంటింటి గురించే. కానీ వంటింటి నూక పొలానికీ పనికొస్తుంది. 200 లీటర్ల జీవామృతానికి 2 కిలోల పప్పు పిండి కావాలి కదా, శనగపిండి కొనకుండా ఆ నూకే పిండి పట్టించండి. పొట్టు పశువులకి వేయండి.

నిల్వకి భయపడొద్దు. గింజ పంటి కింద టప్పున విరిగేదాకా ఎండబెట్టండి. పుచ్చు పురుగు గింజకి పట్టినంతగా పప్పుకి పట్టదు, కాబట్టి తొందరగా పప్పు చేయించండి. కందిపప్పుకి మన పెద్దవాళ్లలాగే కాస్త ఆముదం పట్టించి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయండి.

ఈసారి కాటా పెట్టే ముందే ఇంటి బస్తా పక్కన పెట్టండి. బేరం ఆ తర్వాతే.