సర్క్యూటు చదవగల వకీలు కావాలి

పదో తరగతి పూర్తి కావస్తున్నదంటే చాలు, ఇంట్లోనూ ఊళ్లోనూ మీకు ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: "ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటావు?" లెక్కలు బాగా వస్తే ఎం.పి.సి., ఆపైన ఇంజనీరు. జీవశాస్త్రం ఇష్టమైతే బై.పి.సి., ఆపైన డాక్టరు. ఈ రెండూ కుదరకపోతే మరేదో. న్యాయశాస్త్రాన్ని మనవాళ్లు ఈ "మరేదో" జాబితాలో చేర్చేశారు. సైన్సు చదివినవాడికి కోర్టుతో ఏం పని, వకీలుకు సైన్సుతో ఏం పని అని వారి అభిప్రాయం.

ఈ అభిప్రాయం సరైనది కాదని నేనంటాను. ఒక చేత సర్క్యూటు పటం, మరో చేత చట్టం పుస్తకం పట్టుకొని చేయవలసిన వృత్తి ఒకటి ఉంది. కంప్యూటరు, ఎలక్ట్రానిక్ రంగాలలో మేధో సంపత్తి హక్కులను చూసే న్యాయవాది వృత్తి అది. మన పెన్‌పహాడ్ వంటి మండలాల నుంచి కూడా అలాంటివారు రావాలి. నిజానికి వారి అవసరం మనకే ఎక్కువ. ఎందుకో చెబుతాను, వినండి.

సార్టెక్స్ మిషను చెప్పే పాఠం

మిర్యాలగూడ రైసు మిల్లులు మీకు తెలియనివి కావు. మిల్లులో చివరి దశలో, బియ్యంలోంచి నల్ల గింజలనూ రంగు మారిన గింజలనూ ఏరివేసే యంత్రం ఒకటి ఉంటుంది. మనవాళ్లు దాన్ని సార్టెక్స్ మిషను అంటారు. బియ్యం వాలుగా ఉన్న దారుల మీదుగా జారి పడుతుంటుంది. మంచి వెలుతురులో కెమెరాలు గింజలను చూస్తుంటాయి. ఒక గింజ రంగు తేడాగా కనిపిస్తే, అది గాలి గొట్టం ఎదుటికి ఎప్పుడు చేరుతుందో లోపలి కంప్యూటరు లెక్కగడుతుంది. సరిగ్గా ఆ క్షణానికి చిన్న వాల్వు తెరుచుకొని గాలిని విసురుగా ఊదుతుంది. చెడ్డ గింజ పక్కకు ఎగిరిపోతుంది. అంతా రెప్పపాటులో జరిగిపోతుంది. మన అమ్మలు చాటలో పోసుకొని చేసే పనే గదా ఇది!

ఇదే యంత్రాన్ని వకీలు కళ్లతో చూడండి. చెడ్డ గింజను గుర్తించి ఊదివేయడానికి ఎవరైనా కొత్త పద్ధతి కనిపెడితే దానికి పేటెంటు రావచ్చు. కంప్యూటరులోని ప్రోగ్రాముకు కాపీరైటు ఉంటుంది. మన చట్టం కంప్యూటరు ప్రోగ్రామును కూడా సాహిత్య రచనలలో ఒకటిగా లెక్కిస్తుంది. చిప్పు మీద ట్రాన్సిస్టర్లనూ తీగలనూ అమర్చిన తీరుకు 2000 నాటి చట్టం ప్రకారం 10 సంవత్సరాల రక్షణ దొరుకుతుంది. యంత్రం బయటి రూపానికి డిజైను హక్కు. పేరుకు ట్రేడ్‌మార్కు. సార్టెక్స్ అన్నది మొదట ఒక కంపెనీ పేరే. ఇప్పుడు ఏ కంపెనీ యంత్రంలో పట్టిన బియ్యాన్నయినా జనం "సార్టెక్స్ బియ్యం" అంటున్నారు. పేరు అందరి నోళ్లలో నానడం యజమానికి గర్వకారణమే. కాని అది అందరి మాట అయిపోతే, ఆ పేరు నాదేనని చెప్పుకోవడం కష్టమవుతుంది.

చూశారా, ఒక్క యంత్రంలో 5 రకాల హక్కులు! వీటిని విడదీసి చూడాలంటే కెమెరా ఎలా పనిచేస్తుందో, ప్రోగ్రాము ఏం చేస్తుందో, చిప్పులో ఏముంటుందో ముందు తెలియాలి. చట్టం ఆ తర్వాతి మాట.

పేటెంటు ఒక ఒప్పందం

పేటెంటు అంటే రహస్యానికి వేసిన తాళం అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పేటెంటు అనేది సృష్టికర్తకూ సమాజానికీ మధ్య జరిగే ఒప్పందం. "నీవు కనిపెట్టినదాన్ని దాచుకోకుండా, తెలిసినవాడు చదివి తయారు చేయగలిగేంత వివరంగా రాసి ఇవ్వు. దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 సంవత్సరాల పాటు నీ అనుమతి లేనిదే ఇతరులు దాన్ని తయారు చేసి అమ్ముకోకుండా చూస్తాం. ఆ తర్వాత అది అందరిదీ" అని ప్రభుత్వం అంటుంది. మన దేశంలో దీనికి ఆధారం 1970 నాటి పేటెంట్ల చట్టం.

అయితే మూడు పరీక్షలు నెగ్గాలి. ఆ వస్తువు లేదా పద్ధతి ప్రపంచంలో ఎక్కడా ఇంతకుముందు వెల్లడి కానిదై ఉండాలి. ఆ రంగంలో పనిచేసేవాడికి ఇట్టే తట్టేదై ఉండకూడదు. పరిశ్రమలో తయారు చేయడానికో వాడడానికో వీలైనదై ఉండాలి. ఉదాహరణకు బోరు మోటారును ఫోనుతో ఆన్ చేసే స్టార్టరు మీరు చూసే ఉంటారు. ఈరోజు ఎవరైనా స్టార్టరు పెట్టెలో సిమ్ కార్డు పరికరం అమర్చి "ఇది నా ఆవిష్కరణ" అంటే చెల్లదు, అది పాతదే. కాని బోరులో నీళ్లు అడుగంటిన సంగతిని ఇంతవరకు ఎవరికీ తట్టని పద్ధతిలో గుర్తించి మోటారును ఆపగలిగితే, ఆ భాగం మట్టుకు కొత్తది కావచ్చు. ఏది పాత, ఏది కొత్త అని గీత గీసేవాడే మనం చెప్పుకుంటున్న వకీలు.

ఒక్క మాట మీద నడిచిన వ్యాజ్యం

ఆ గీత ఎంత సన్ననిదో తెలియాలంటే చిప్పు పుట్టిన కథ వినాలి. అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో జాక్ కిల్బీ 1958 సెప్టెంబరు 12న తొలి ఇంటిగ్రేటెడ్ సర్క్యూటును పనిచేయించి చూపాడు. 1959 ఫిబ్రవరిలో పేటెంటు దరఖాస్తు వెళ్లింది. అదే సంవత్సరం జులైలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీకి చెందిన రాబర్ట్ నాయిస్ తన దరఖాస్తు పంపాడు. కిల్బీ పటంలో భాగాలను కలిపేవి గాలిలో వేలాడే సన్నని బంగారు తీగలు. నాయిస్ పద్ధతిలో సిలికాన్ ఆక్సైడు పొర మీద లోహపు గీతలు అతుక్కొని ఉంటాయి. అలా తీగలు లేకుండా కూడా చేయవచ్చునని కిల్బీ దరఖాస్తులో మాటల్లో రాసి ఉంది; కాని పొర మీద లోహాన్ని "పరచవచ్చు" అని రాశారు. నాయిస్ వారు "అతుక్కొని ఉండే" అని రాశారు.

పరచినది అతుక్కొనే ఉంటుందా? ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. కింది స్థాయిలో కిల్బీ పక్షం గెలిచింది. 1969లో అప్పీలు కోర్టు, పరచడం అంటే అతుక్కోవడమని తప్పనిసరిగా అర్థం రాదని చెప్పి నాయిస్ పక్షాన తీర్పు ఇచ్చింది. ఈలోగా 1966లోనే రెండు కంపెనీలూ రాజీపడి, ఒకరి పేటెంట్లను మరొకరు వాడుకోవడానికి ఒప్పుకొన్నాయి. కిల్బీకి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. నాయిస్ అప్పటికి జీవించి లేడు. లోహం ఆక్సైడు మీద ఎలా అంటుకుంటుందో తెలియని వకీలు ఈ కేసులో వాదించగలడా? మాటల బరువు తెలియని ఇంజనీరు ఆ దరఖాస్తు రాయగలడా? రెండూ తెలిసినవాడు కావాలి.

కంప్యూటరు చరిత్రలోనూ ఇలాంటి కథే ఉంది. ఎనియాక్ అనే ప్రసిద్ధ కంప్యూటరును నిర్మించిన మాక్లీ, ఎకర్ట్‌లు 1947 జూన్ 26న దరఖాస్తు చేశారు. 1964లో పేటెంటు వచ్చింది. 1973 అక్టోబరు 19న కోర్టు దాన్ని కొట్టివేసింది. యంత్రాన్ని బహిరంగంగా వాడుకలో పెట్టిన ఏడాదిలోగా దరఖాస్తు పెట్టలేదన్నది ఒక కారణం. కొన్ని మూల భావాలు అంతకు ముందే అయోవాలో జాన్ అటనసాఫ్ చేసిన యంత్రంలోనివన్నది మరో కారణం. అటనసాఫ్ పక్షానైనా పేటెంటు ఉందా అంటే అదీ లేదు. దరఖాస్తు వేయవలసినవారు వేయనే లేదు. ఆయన 1942లో యుద్ధకాలపు పని మీద వెళ్లిపోయాడు. ఆలస్యం అమృతం విషం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మన ఆలేరు యంత్రం

ఇవన్నీ అమెరికా సంగతులు, మనకెందుకు అనుకోవద్దు. పాత నల్లగొండ జిల్లాలోనే, ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం గారున్నారు. పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో పాతిన చీలల చుట్టూ నూలును చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆయన తల్లి లక్ష్మి గారి భుజాలు ఈ పనితో అరిగిపోయాయి. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ కొడుకు ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. చేత్తో 4, 5 గంటలు పట్టే పని గంటన్నరలో అయిపోతున్నది. తర్వాత యంత్రానికి ఎలక్ట్రానిక్ నియంత్రణను కూడా చేర్చారు. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ అండతో పేటెంటు లభించింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

మల్లేశం గారికి ఒక సంస్థ తోడు దొరికింది. అందరికీ దొరుకుతుందా? కోదాడలోనో సూర్యాపేటలోనో ఒక మెకానిక్ కొత్త పరికరం చేస్తే, దాని గురించి తెలుగులో విని, ఇది చట్టం ముందు ఇలా నిలుస్తుంది అని చెప్పగలవారు ఎంతమంది ఉన్నారు? దరఖాస్తుకు వ్యక్తుల నుంచి ప్రభుత్వం తీసుకొనే రుసుము ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలు. పరీక్ష కోరడానికి మరో 4,000. మన రాష్ట్రానికి సంబంధించిన పేటెంటు కార్యాలయం చెన్నైలో ఉన్నా, ఇంటి నుంచే దరఖాస్తు పంపవచ్చు. కాబట్టి అసలు లోటు రుసుమూ కాదు, దూరమూ కాదు. పరికరం అర్థం చేసుకొని రాసిపెట్టే మనిషి లేకపోవడమే లోటు.

ఇది మీకూ సంబంధించినదే. సైన్సు ఫెయిరుకు, ఇన్‌స్పైర్ మానక్ పోటీకి మీరు నమూనాలు చేస్తున్నారు. నిజంగా కొత్తదనం ఉన్న వస్తువును దరఖాస్తు వేయకముందే నలుగురిలో వివరించి, పత్రికలో బొమ్మ వేయిస్తే, "ఇది ఇప్పటికే వెల్లడి అయింది" అనే అభ్యంతరం రావచ్చు. ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించిన కొన్ని ప్రదర్శనలకు 12 నెలల మినహాయింపు ఉంది గాని, మన బడి ప్రదర్శనకు అది వర్తిస్తుందని అనుకోవద్దు. ముందు తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేసుకోవచ్చు. పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది.

"విజ్ఞానం అందరిదీ కాదా?"

మీలో ఆలోచనాపరులు ఈ ప్రశ్న తప్పక వేస్తారు. మంచి ప్రశ్న. జగదీశ్ చంద్ర బోస్‌కు పేటెంట్లంటే ఇష్టముండేది కాదు. అయినా మిత్రుల ప్రోద్బలంతో విద్యుత్ తరంగాలను పసిగట్టే పరికరానికి 1904లో అమెరికా పేటెంటు పొందారు. నా మట్టుకు నేను ప్రతిదానికీ పేటెంటు కావాలని అనను. మన చట్టం కూడా అనదు. ఉత్త గణిత పద్ధతికీ, ఉత్త కంప్యూటరు ప్రోగ్రాముకూ పేటెంటు ఇవ్వకూడదని అందులో ఉంది. అయితే ప్రోగ్రాము వల్ల యంత్రం పనితీరులో సాంకేతికమైన మెరుగుదల వస్తే అప్పుడు? 2002లో దరఖాస్తు చేసిన ఫరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబరులో, ఆ ప్రభావాన్ని పరిశీలించకుండా తోసిపుచ్చకూడదని చెప్పింది. హద్దు ఎక్కడుండాలో తేల్చడానికీ సైన్సు తెలిసిన న్యాయవాదే కావాలి.

ఇంకో సంగతి. ఉచితంగా పంచడానికి కూడా చట్టం కావాలి. లినక్స్‌ను ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. ఆ స్వేచ్ఛను నిలబెడుతున్నది కాపీరైటు మీద ఆధారపడిన ఒక లైసెన్సు పత్రమే. హక్కు ఉన్నవాడే దానం చేయగలడు. హక్కు ఏమిటో తెలియనివాడి దగ్గర నుంచి ఇతరులు ఊరికే తీసుకుపోతారు. దానానికీ దోపిడికీ తేడా అదే.

దారి ఏది?

ఈ వృత్తికి దగ్గరి దారి సైన్సు తరగతి గుండానే వెళుతుంది. పేటెంటు ఏజెంటు కావాలంటే 21 సంవత్సరాలు నిండిన భారత పౌరుడై, సైన్సు, ఇంజనీరింగు లేదా సాంకేతిక విద్యలో డిగ్రీ ఉండి, ప్రభుత్వం పెట్టే పరీక్షలో నెగ్గాలి. కోర్టులో వాదించాలంటే డిగ్రీ తర్వాత లాసెట్ రాసి 3 సంవత్సరాల ఎల్.ఎల్.బి. చేసి, న్యాయవాదిగా నమోదు కావాలి. ఇంటర్ కాగానే 5 సంవత్సరాల న్యాయ కోర్సుల్లోనూ చేరవచ్చు. అయితే వాటిలో సైన్సు డిగ్రీ లేని కోర్సు చదివితే పేటెంటు ఏజెంటు పరీక్షకు అర్హత రాదు. ఇది ముందే తెలుసుకోండి. ఈ పనిలో ఓపిక కావాలి. పాత పేటెంట్లను వెదకడం, ఒక్కొక్క వాక్యాన్ని పదిసార్లు దిద్దడం, అభ్యంతరాలకు జవాబులు రాయడం రోజువారీ పని. నల్లకోటు వేసుకొని వాదించే రోజులకంటే బల్ల ముందు కూర్చొని చదివే రోజులే ఎక్కువ.

దీనికి సాధన ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో ఉన్న టార్చిలైటునో కాలింగ్ బెల్లునో విప్పి చూడండి. బొమ్మ గీయకుండా, ఒక్క పేజీలో, తెలుగులో, ఏ భాగం దేనికి ఎలా కలిసి ఉందో రాయండి. ఆ పేజీని మీ స్నేహితురాలికివ్వండి. ఆమె దాన్ని చదివి బొమ్మ గీయాలి. బొమ్మ వస్తువులా వస్తే మీ మాట నిలిచినట్టు. రాకపోతే ఏ వాక్యం తప్పుదారి పట్టించిందో వెదకి దిద్దండి. సైన్సు పీరియడూ తెలుగు పీరియడూ వేరువేరని ఎవరు చెప్పినా నమ్మకండి. వస్తువును సరిగ్గా చూడడం ఒకటి నేర్పుతుంది, చూసినదాన్ని సరిగ్గా చెప్పడం రెండోది నేర్పుతుంది. ఈ రెండూ ఉన్న ఒక్క యువతి, ఒక్క యువకుడు మన తాలూకాలో ఉన్నా, ఇక్కడి చేతులు చేసిన వస్తువు మీద ఇక్కడి పేరు నిలుస్తుంది.