అప్పులేని వ్యాపారికి ఆసరా ఏది?

సంపాదకులకు,

చిన్న వ్యాపారులు లెక్కలు రాయకపోవడం వల్లే బ్యాంకులు అప్పివ్వడం లేదన్న మీ వ్యాసకర్త వాదన సరికాదు. 2020లో కరోనా వల్ల ఐటీ ఉద్యోగులు సొంతూళ్లకు వెళ్లిపోతే మా మదీనాగూడలో హాస్టళ్లు, కర్రీ పాయింట్లు వెలవెలబోయాయి. అప్పుడు కేంద్రం తెచ్చిన అత్యవసర రుణ హామీ పథకం, ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం వరకే మొదట అదనపు రుణమిచ్చింది. అంటే అప్పు చేయకుండా సొంత డబ్బుతో నెట్టుకొచ్చినవారికి అందులో చోటే లేదు. పీఎం స్వనిధి పథకం కింద అప్పట్లో ఇచ్చిన పదివేల రుణం వీధి వ్యాపారులకే. మధ్యలో మిగిలినవారు వడ్డీ వ్యాపారుల గడప తొక్కక ఏం చేస్తారు?

ఇప్పుడు ఈ చిన్న వ్యాపారుల అమ్మకాల్లో చాలా భాగం యూపీఐలోనే నమోదవుతోంది. ఆ జమలనే లెక్కగా తీసుకుని, కష్టకాలం రాకముందే బ్యాంకులు వారికి రుణ పరిమితి మంజూరు చేయాలి.

– ఒక పాఠకురాలు, మదీనాగూడ, హైదరాబాద్