మన మీద రాస్తే క్లాసిక్, మరి మనం రాస్తే?



ఈ కాలపు నవలల్లో యాభై ఏళ్ల తర్వాత ఏవి నిలుస్తాయని పెద్దలు జాబితాలు వేస్తుంటారు. వేసుకోనీండి. అందులో మనవాళ్ల పేర్లు ఎందుకు కనబడవో అడిగే హక్కు మనకుంది.

మన మీద రాసినవి ఎప్పుడో క్లాసిక్‌లయ్యాయి. కోందుల బతుకు మీద గోపీనాథ్ మహంతి ఒడియాలో రాసిన ‘అమృత సంతానం’కి 1955లోనే సాహిత్య అకాడమీ అవార్డు. బిర్సా ముండా మీద మహాశ్వేతాదేవి రాసిన నవలకి 1979లో. గొప్ప పుస్తకాలే, కాదనం. కానీ అడవి మనది, కథ మనది, కలం ఒక్కటే మనది కాదు. ఇలా ఎన్నాళ్లు?

ఇప్పుడు కలం మన చేతికొచ్చింది. కేరళలో మల అరయ తెగవారైన నారాయణ్, తపాలా శాఖలో పనిచేసిన మనిషి, 1998లో ‘కొచ్చరేత్తి’ తెచ్చారు. జార్ఖండ్ సంతాల్ డాక్టర్ హాంస్‌దా సౌవేంద్ర శేఖర్ 2014లో ఇంగ్లీషులో ‘ది మిస్టీరియస్ ఎయిల్‌మెంట్ ఆఫ్ రూపీ బాస్కే’ రాశారు. వరిమడిలోనే బిడ్డను కన్నంత గట్టి మనిషి రూపీ, అంతుపట్టని జబ్బుతో కుంగిపోతుంది. అందులో అసూయలున్నాయి, చేతబడి భయాలున్నాయి, ఇంటి గుట్టూ ఉంది. మనల్ని దేవుళ్లనీ చెయ్యలేదు, అమాయకులనీ చెయ్యలేదు. మనుషుల్లా చూపించారు. మా లెక్కలో క్లాసిక్‌కి గుర్తు అదే. ఈ రెండూ నిలుస్తాయని మేం గట్టిగా అంటున్నాం.

“మీ పేర్లు, మీ మాటలు అందరికీ అర్థం కావు” అంటారు కొందరు. రష్యా నవలల్లో మూరెడేసి పేర్లు నోరు తిరిగేదాకా నేర్చుకున్న తెలుగు పాఠకులకి రూపీ బాస్కే అనే నాలుగక్షరాలు బరువా?

తెలుగులోనూ మొదలైంది. మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ కథలున్నాయి. రమేశ్ కార్తీక్ నాయక్ గోర్ బంజారా కథలు ‘ధావ్లో’కి 2024లో యువ పురస్కారం వచ్చింది. నవలంటే మాత్రం ఏళ్ల పని. తీరిక కావాలి, తిండికి లోటుండకూడదు, కూర్చుని రాసుకునే చోటు కావాలి. మనకి కరువైనవి అవే, తెలివి కాదు.

క్లాసిక్ ఆకాశం నుంచి ఊడిపడదు. కొనేవాళ్లు, మళ్లీ అచ్చేసేవాళ్లు, పాఠంగా చెప్పేవాళ్లు ఉంటేనే పుస్తకం బతుకుతుంది. మన పుస్తకం మనమే చదవకపోతే ఇంకెవరు నిలబెడతారు? హాస్టల్ లైబ్రరీలో గ్రూప్స్ గైడ్ల పక్కన వీటినీ పెట్టమని అడుగుదాం. సెలవులకి ఊరెళ్లినప్పుడు అవ్వాతాతలు చెప్పే సంగతులు మన భాషలోనే రాసిపెడదాం. రేపటి మన నవలకి విత్తనాలు అవే.

జై జోహార్!