మలబద్ధకం: భేదిమందు ముందా, కారణం ముందా?

“ఏవండీ డాక్టరుగారూ, కడుపు సాఫీగా అవటం లేదండి!” పెద్దాపురంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏ జబ్బుతో వచ్చిన రోగి అయినా చివర్లో ఈ మాట అనకుండా వెళ్లడు. ఒకాయన రోజుకు ఒకసారే అవుతోందని బెంగపెట్టుకుంటాడు. మరొకామె వారం రోజులు కాకపోయినా చెప్పుకోవడానికి సిగ్గుపడుతుంది. మొదటి ఆయనకు జబ్బు లేదు. రెండో ఆమెకు వైద్యం కావాలి. ఈ తేడా తెలుసుకుంటే సగం బాధ తీరినట్లే.

మలబద్ధకం అంటే ఏమిటి?

రోజూ విరేచనం అయి తీరాలనే నియమమేదీ లేదు. రోజుకు మూడుసార్లు మొదలు వారానికి మూడుసార్ల వరకు ఎలా అయినా సరే, మెత్తగా, బాధ లేకుండా అయితే అది ఆరోగ్యమే. వారానికి మూడుసార్లకంటె తక్కువ కావడం, మేకపెంటికల్లా గట్టిగా రావడం, బాగా ముక్కవలసి రావడం, అయినా ఇంకా మిగిలిపోయిందనిపించడం, దారి మూసుకుపోయినట్లుండడం, వేలితో తీసుకోవలసి రావడం - ఈ లక్షణాల్లో రెండయినా, కనీసం ఆరు నెలల క్రితం మొదలై గత మూడు నెలలుగా తరచు వేధిస్తుంటే దాన్ని దీర్ఘకాలిక మలబద్ధకం అంటాం. ప్రపంచమంతటా వైద్యులు పాటిస్తున్న 2016 నాటి ‘రోమ్’ ప్రమాణాల సారాంశం ఇదే.

చిన్నప్రేగునుంచి పెద్దప్రేగుకు రోజూ లీటరు, లీటరున్నర ద్రవం చేరుతుంది. సుమారు అయిదడుగుల పొడవుండే పెద్దప్రేగు అందులోని నీటిని చాలావరకు పీల్చుకుని, మిగిలినదాన్ని ముద్దచేసి కిందికి నెడుతుంది. ఆ నడక మందగించినకొద్దీ నీరు ఇంకిపోయి మలం గట్టిపడుతుంది.

మలం నిలవుంటే విషమై రక్తంలో కలుస్తుందని చాలామంది భయం. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో లండన్‌లో సర్ ఆర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు ఈ నమ్మకంతోనే కొందరు రోగుల పెద్దప్రేగులు కోసి తీసివేశాడు. ఆ సిద్ధాంతం తర్వాత నిలబడలేదు. కనుక ఒక రోజు కాకపోతే ఒళ్లంతా విషమైపోతుందని కంగారుపడకండి.

ఇందులో రకాలు

ప్రేగులో అడ్డంకిగాని, మరో జబ్బుగాని లేకుండా వచ్చేది మొదటి తరహా. ఇందులో మళ్లీ మూడు తరగతులు. ప్రేగు కదలిక మామూలుగా ఉన్నా మలం గట్టిగా వచ్చి బాధపెట్టడం ఒకటి, ఎక్కువమందిది ఇదే. ప్రేగు కదలికే మందగించడం రెండోది. ముక్కేటప్పుడు సడలవలసిన ఆసనం కండరాలు సడలకపోగా బిగుసుకోవడం మూడోది. ఈ మూడో రకంవారికి ఎన్ని మందులు మింగినా ఫలితం తక్కువ. కండరాలను సడలించడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ పెద్ద ఆసుపత్రుల్లో ఉంది.

రెండో తరహా మరో కారణంవల్ల వచ్చేది. థైరాయిడ్ లోపం, మధుమేహం, పార్కిన్సన్ వ్యాధి, రక్తంలో కాల్షియం పెరగడం, పొటాషియం తగ్గడం ఇందుకు కారణాలు. ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గుమందులు, కొన్ని రక్తపోటు మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా కారణమే. నలభై ఏళ్ల గృహిణి ఏడాదిపాటు ఆముదం తాగుతూనే ఉంది. ఒళ్లు వచ్చింది, జుట్టు రాలుతోంది, గొంతు బొంగురుపోయింది. రక్తపరీక్షలో తేలింది థైరాయిడ్ లోపం. రోజూ ఒక చిన్న మాత్రతో కడుపూ కుదుటపడింది. అన్నిటికీ ఆముదమే మందు కాదు సుమా!

మన వంటింటి సంగతి

మా పెద్దాపురం, సామర్లకోట ప్రాంతంలో బియ్యం మిల్లులకు, సగ్గుబియ్యం మిల్లులకు కొదవలేదు. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతోపాటు పీచూ పోతుంది. సగ్గుబియ్యమయితే కర్రపెండలం పిండే. పీచు దాదాపు ఉండదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల తెల్లబియ్యంలో పీచు సుమారు 3 గ్రాములు, ముడిబియ్యంలో 4.5, రాగుల్లో 11, జామపండులో 8.5 గ్రాములు. పెద్దవారికి రోజుకు 25 నుంచి 30 గ్రాములు కావాలి.

ఇందుకు ఖరీదయిన డబ్బాలు కొననక్కరలేదు. పొట్టు తీయని పెసలతో పెసరట్టు, తోటకూర, గోంగూర, పనసపొట్టు కూర, అరటిదవ్వ, జామపండు, శీతకాలంలో తేగలు - అన్నీ మనవే. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. రెండు మూడు వారాలలో మెల్లగా పెంచి, నీళ్లు తగినన్ని తాగాలి. మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు నీళ్ల విషయం డాక్టరునడిగి చేయాలి.

భేదిమందుల మోజు

గట్టి భేదిమందు వేసుకుంటే పెద్దప్రేగు పూర్తిగా ఖాళీ అవుతుంది. తిరిగి నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ కాలేదని మళ్లీ మందు వేసుకుంటారు. ఇలా మందే మలబద్ధకాన్ని సృష్టించినట్లనిపిస్తుంది! గర్భిణులు ఆముదం తాగనే తాగరాదు.

ముందు అలవాట్లు చూడండి. తిన్న తర్వాత పెద్దప్రేగు కదలడం ప్రకృతి సహజం. కనుక ఉదయం ఫలహారం అయ్యాక పదినిముషాలు తీరికగా కూర్చోండి. అరగంట ముక్కుతూ కూర్చోకండి. విదేశీ పద్ధతి పాయిఖానా అయితే కాళ్లకింద చిన్నపీట వేసుకుంటే మోకాళ్లు పైకి లేచి సులువవుతుంది. రోజూ నడవండి. అప్పటికీ తగ్గకపోతే ఇసబ్గోలు పొట్టు ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్లతో తీసుకోవచ్చు. నీళ్లు తక్కువయితే అదే గొంతుకు అడ్డుపడుతుంది. ఆ పైన లాక్టులోజ్, పాలిఇథిలీన్ గ్లైకాల్ వంటివి డాక్టరు సలహాపై వాడాలి.

బడిలో మరుగుదొడ్డి బాగులేక బిగబట్టుకునే ఆడపిల్లలను, నొప్పికి భయపడి బిగబట్టుకునే పసివాళ్లను తల్లులు గమనించాలి. పిల్లవాడి చెడ్డీకి తరచు మలం అంటుతుంటే అవి విరేచనాలని మందు వేయకండి. లోపల గట్టిపడ్డ మలం పక్కనుంచి కారుతుండవచ్చు. కొట్టడం, తిట్టడం అసలే పనికిరాదు.

ఆలస్యం చేయరాని సంకేతాలు

యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలవడం, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, మలం సన్నగా రావడం, ఒకసారి విరేచనాలూ ఒకసారి మలబద్ధకంగా మారడం, దగ్గరి బంధువులకు పెద్దప్రేగు కేన్సరు ఉండడం - వీటిలో ఏది ఉన్నా పరీక్ష చేయించుకోవాలి. రక్తం పడితే మొలలేనని తేల్చుకుని నాటుమందుతో నెలలు గడిపేవారు చాలామంది. మొలలే కావచ్చు. కాని ఆ మాట డాక్టరు వేలితో పరీక్షించి, అవసరమయితే కొలనోస్కోపీ చేసి చెప్పాలి. పెద్దప్రేగు కేన్సరు తొలిదశలో దొరికితే ఆపరేషన్‌తో చాలామందికి నయమవుతుంది. కడుపు బిర్రుగా ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకుండా ఉంటే భేదిమందు జోలికి పోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి చేరాలి.

ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన విషయం కాదు. ఇంట్లో పెద్దవారు “నాలుగు రోజులయిందిరా” అంటే నవ్వి ఊరుకోకండి. ఎప్పటినుంచి, ఎలా ఉంటోంది, ఏ మందులు వాడుతున్నారు అని అడగండి. ఆ మూడు జవాబులూ, వాడుతున్న మాత్రల చీటీలూ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.