అతిమధురం కరోనాను అరికడుతుందా?

2020 వేసవిలో మా ఇంట ఉదయం కాఫీ మానిపించి, అందరిచేతా పూటపూటా అతిమధురం కషాయం తాగించినవాడిని నేనే. కనుక ఈ విషయంలో ఎవరినైనా తప్పుపట్టదలిస్తే ముందుగా నన్నే పట్టాలి.

నా నమ్మకం బొత్తిగా ఆధారం లేనిది కాదు. 2003లో సార్స్ వ్యాధి ప్రబలినప్పుడు, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ పరిశోధకులు అతిమధురం వేరులోని గ్లైసిరైజిన్ అనే పదార్థాన్ని ఆ కరోనా వైరస్‌పై పరీక్షించారు. అది వైరస్ వృద్ధిని అరికడుతున్నదని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. మన యష్టిమధువుకు పరదేశంలో దక్కిన ఈ గౌరవానికి పొంగిపోయాను. ఆ పరీక్ష మనుషులపై గాక, ప్రయోగశాలలో పెంచిన కోతి మూత్రపిండ కణాలపై జరిగిందన్న సంగతిని మాత్రం అశ్రద్ధగా దాటవేశాను.

ఆ కణాలలో వైరస్ వృద్ధిని సగానికి తగ్గించడానికి లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్ కావలసివచ్చింది. మనం తాగిన కషాయం నేరుగా రక్తంలో కలవదు. అందులోని గ్లైసిరైజిన్‌ను పేగులలోని సూక్ష్మజీవులు చాలావరకు వేరొక పదార్థంగా మార్చివేస్తాయి. ఎన్ని గ్లాసులు తాగినా రక్తంలో ఆ మోతాదు నిలవదు. పోనీ, ఇంకా ఎక్కువ తాగుదామా అంటే, ఆ మారిన పదార్థమే ఒంట్లో ఉప్పును, నీటిని నిలవజేసి, పొటాషియంను తగ్గించి, రక్తపోటును పెంచుతుంది.

మా అమ్మగారికి సరిగ్గా అదే జరిగింది. ఏళ్లుగా రక్తపోటు మాత్రలు వేసుకుంటున్న ఆమెకు మూడు వారాలు తిరిగేసరికి పాదాలు వాచాయి, తల తిరగసాగింది. "కొత్తగా మందులేమైనా వాడుతున్నారా?" అని వైద్యుడు అడిగితే, "లేదండీ" అన్నాను. కషాయం మందన్న ఆలోచనే నాకు తట్టలేదు. రోగి ప్రకృతిని, మోతాదును చూడమని ఆయుర్వేదమే చెబుతున్నది. ఆ శాస్త్రం పేరు చెప్పుకుంటూ ఆ మాటనే మరిచాను.

అలాగని మూలికలలో ఏమీ లేదనేవారితో నేను ఏకీభవించను. మాచిపత్రి జాతికి చెందిన ఒక చీనా మొక్క నుండి మలేరియా మందును వెలికితీసిన తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. ఆమెకు దారి చూపినది ప్రాచీన వైద్యగ్రంథమే. అయితే ఆమె గ్రంథంతో ఆగక, సారాన్ని వేరుచేసి, జంతువులపై, ఆపై రోగులపై పరీక్షించారు. 2021 మే నెలలో కృష్ణపట్నంలో మందు కోసం బారులు తీరిన జనానికి కావలసినదీ అటువంటి పరీక్షే. అది ముందుగా జరిగి ఉండవలసింది.

అతిమధురం డబ్బా ఇప్పటికీ మా వంటింట్లోనే ఉన్నది. గొంతు గరగరలాడితే నేను చిన్న ముక్క చప్పరిస్తాను. అమ్మగారికి మాత్రం ఇవ్వను.