ఏడాది ఉండగలిగినవారే రండి

ఆదివారం ఏ బాలల హోంకు వెళ్లినా ఈ దృశ్యం కనిపిస్తుంది. హాల్లో బల్ల మీద కేకు, చుట్టూ వరుసగా పిల్లలు. పుట్టినరోజు వాళ్లలో ఎవరిదీ కాదు, కారులో వచ్చిన దాత కొడుకుది. పిల్లలు చప్పట్లు కొడతారు, బిర్యానీ పొట్లాలు అందుకుంటారు, ఫొటోకు నిలబడతారు. సాయంత్రానికి ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌కు ఎక్కుతుంది. సంరక్షణలో ఉన్న పిల్లల ఆనవాళ్లు బయటపెట్టవద్దని బాలన్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోందన్న సంగతి పెట్టినవారికీ తెలియదు, పెట్టనిచ్చినవారికీ పట్టదు. ఆ దాతల మంచి మనసును శంకించనక్కర్లేదు. కానీ వచ్చే ఆదివారం వేరొకరు వస్తారు. ఈ పిల్లల్లో ఒక్కరి పేరైనా గుర్తుపెట్టుకుని మళ్లీ వచ్చేవారు ఎవరూ ఉండరు.

ఇంట్లోంచి పారిపోయి సికింద్రాబాద్‌లోనో విజయవాడలోనో రైలు దిగినవారు, అమ్మానాన్నలను పోగొట్టుకున్నవారు, పనిలోంచి విడిపించినవారు ఈ హోంలకు చేరుతుంటారు. ఇలాంటి పిల్లలను కాపాడేందుకు తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ నడుపుతున్నారు. మెచ్చుకోదగ్గ పనే. అయితే విడిపించడం ఒక్క రోజులో అయిపోతుంది, పెంచడానికి ఏళ్లు పడుతుంది. హోంలో పడక, భోజనం, బడి దొరుకుతాయి. అంతమంది పిల్లల్లో ఫలానావాడు లెక్కల పరీక్ష అంటే ఎందుకు జ్వరం తెచ్చుకుంటాడో ఆరా తీసే తీరిక అక్కడి సిబ్బందికి ఉండదు.

పద్దెనిమిది నిండిన నాడు అసలు కష్టం మొదలవుతుంది. ఆ తర్వాత కూడా ఇరవై ఒకటి దాకా తోడ్పాటు ఇవ్వడానికి నిబంధనలు వీలు కల్పించాయి. కానీ కాగితం మీద ఉన్న సాయాన్ని చేతికందేలా చేయడానికి వెంట ఒక మనిషి కావాలి. పాలిసెట్ దరఖాస్తు గడువు గుర్తుచేయాలి, మీసేవలో కుల ధ్రువపత్రం కోసం వెంట నిలబడాలి. అద్దె గది చూడబోతే ఇంటాయన మొదట అడిగేది ‘మీ నాన్న ఏం చేస్తాడు’ అనే. ఆ ప్రశ్న ముందు పిల్లవాడు ఒంటరిగా నిలబడకూడదు.

1904లో న్యూయార్క్ బాలల కోర్టులో గుమాస్తాగా ఉన్న ఎర్నెస్ట్ కౌల్టర్ ఇదే చెప్పాడు. బోనెక్కుతున్న ఒక్కో కుర్రాడికి ఒక్కో పెద్దమనిషి అన్నలా నిలబడాలని ఊరి పెద్దలను అడిగాడు. బిగ్ బ్రదర్స్ ఉద్యమం అలా పుట్టింది. ఆ ఉద్యమం ఫలితాలపై 1995లో వెలువడిన అధ్యయనం పది నుంచి పదహారేళ్ల లోపు 959 మందిని పరిశీలించింది. ఏడాదిన్నర తర్వాత చూస్తే, తోడు దొరికిన పిల్లలు మత్తుమందుల జోలికి వెళ్లే అవకాశం 46 శాతం తక్కువ. బడి ఎగ్గొట్టడమూ సగానికి పడిపోయింది. ఆ పెద్దలు చేసిందల్లా నెలకు మూడుసార్లయినా వచ్చి, మూడు నాలుగు గంటలు కూర్చుని, చెప్పింది వినడమే. నీతులు బోధించడం వాళ్ల పని కాదు.

అదే సమాచారాన్ని మరింత లోతుగా తరచి 2002లో ప్రచురించిన మరో పరిశీలన మనకు ఇంకా ముఖ్యం. ఏడాది దాటిన బంధాలు ఎక్కువ మేలు చేశాయి. మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం ముందుకన్నా సన్నగిల్లింది. ఒకసారి ఇల్లు వదిలిపోయిన బిడ్డను ఇంకొకరు కూడా వదిలిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అందుకే మా మాట కటువుగానే ఉంటుంది. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కోసం ఆరు వారాలు వచ్చే విద్యార్థినీ, సీఎస్‌ఆర్ లెక్క కోసం త్రైమాసికానికోసారి వచ్చే ఉద్యోగినీ మెంటార్‌గా తీసుకోవద్దు. వారు పుస్తకాలు కొనిపెట్టవచ్చు, గోడలకు రంగులు వేయవచ్చు. పిల్లవాడి చేయి పట్టుకునే పని మాత్రం కనీసం ఏడాది ఉంటానని రాసిచ్చినవారికే ఇవ్వాలి.

ముక్కూమొహం తెలియనివారిని పిల్లల దగ్గరికి ఎలా పంపుతామన్న భయం న్యాయమైనదే. అలాగని తలుపు మూసేయడం జవాబు కాదు. పోలీసు విచారణ, ఇంటర్వ్యూ, శిక్షణ అయ్యాకే అనుమతించాలి. నలుగురూ కనిపించే చోటే కలవాలి. ఫొటోలు నిషేధించాలి. ప్రతి నెలా పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టి ఎలా ఉందని అడిగే బాధ్యుడు ఉండాలి. ఈ పర్యవేక్షణకు జీతమిచ్చి మనిషిని పెట్టాలి, స్వచ్ఛంద సేవ కాబట్టి ఉచితంగా నడుస్తుందనుకుంటే పొరపాటు. ఖర్చుకు వెనకాడే ప్రభుత్వం ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

రెండు తెలుగు రాష్ట్రాలూ జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో ఇందుకోసం ఒక్కొక్క పోస్టు మంజూరు చేయాలి. అందరికీ ఒకేసారి వీలుకాదు కాబట్టి పదిహేనేళ్లు దాటినవారితో ప్రారంభించాలి. వారికి మిగిలింది మూడేళ్లే. రిటైరైన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఒకప్పుడు ఇవే హోంలలో పెరిగి స్థిరపడినవారు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. వారిని వెతికి పిలిచే పని కలెక్టర్లు ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టాలి.