రెండవ బొంబాయిలో క్రొత్త జూదము

ఆదోని పట్టణమునకు రెండవ బొంబాయి యను బిరుదు చిరకాలముగా నున్నది. చుట్టుపట్ల నల్లరేగడిలో పండిన పత్తి బండ్లమీద ఈ పట్టణమునకు చేరెడిది. ఇచ్చట గింజ వేఱై, దూది బేళ్లుగా కట్టబడి, దూరదేశముల మిల్లులకు పోయెడిది. ఆ వర్తకముచే బజారులు నిండినవి, బిరుదు వచ్చినది. అది కష్టించి సంపాదించిన బిరుదు. నేడు మన పట్టణములు బొంబాయిని మఱియొక రీతిని అనుకరింపజొచ్చినవి. ఈ యనుకరణమున పత్తి లేదు, బేలు లేదు, మిల్లు లేదు. చేతిలో నొక ఫోను, నోటిలో నొక మాట, అంతే. దీనిని గూర్చి మొగమోటము లేక వ్రాయుట మా విధి యని తలచుచున్నాము.

కౌతాళములో గాని, ఎమ్మిగనూరులో గాని, ఆదోనిలో గాని ఉదయము తొమ్మిదింబావుకు, అనగా బొంబాయి షేర్ల బజారు తెఱచువేళకు, ఏదేని యొక టీ అంగడి యొద్ద నిలిచి వినుడు. “ఏమప్పా, నిఫ్టీ యాడుండాది?” అని యొకరు; “నిన్న కాల్ కొని చెడితి, ఈపొద్దు పుట్ కొనల్ల” అని వేఱొకరు. వీరు బొంబాయి దలాలులు కారు. ఒకరు గుమాస్తా, ఒకరు ఉపాధ్యాయుడు, ఒకరు ఎరువుల అంగడివారి కుమారుడు, ఒకరు పట్టము పుచ్చుకొని ఉద్యోగమునకై వేచియున్న రైతుబిడ్డ. ఆ సమయముననే ఆ వీథిలో ఆటోలు, ట్రాక్టర్లు పోవుచుండును. వానిలో సద్దిమూటలు ఒడిలో నుంచుకొని పత్తి తీయుటకు పోవు స్త్రీలుందురు. మన చర్చాపరులు తల యెత్తి చూడరు. ఎవరైన చూచినను, “దినమంతా వంగినా ఆ పనిలో ఏముందప్పా?” అని నవ్వి, మరల ఫోనులో మునుగుదురు. మాకు బాధ కలిగించునది వారి నష్టముకంటె ఈ నవ్వే.

అయినను ముందు నష్టమునే లెక్కింతము. షేర్ల బజారును నియంత్రించు సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఫ్యూచర్లు, ఆప్షన్లు అను వాయిదా ఒడంబడికలలో దిగిన వ్యక్తులు కోటి మందికి మించిరి. 2021–22 మొదలు 2023–24 వఱకు గల మూడు సంవత్సరములలో వారిలో నూటికి 93 మంది నష్టపోయిరి. మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటినది. 2024–25లో నూటికి 91 మంది నష్టపోయిరి. ఆ యొక్క సంవత్సరపు నష్టమే 1,05,603 కోట్లు. వీరెవరు? 2023–24 లెక్కలో నూటికి 72 మంది దేశములోని మొదటి 30 నగరములకు వెలుపలి ఊళ్లవారు. నూటికి 75 మందికి పైగా సాలుకు 5 లక్షలకంటె తక్కువ ఆదాయము చూపినవారు. నూటికి 43 మంది ముప్పది యేండ్లు నిండని యువకులు. అనగా మన ఊళ్లవారు, మన బిడ్డలు.

ఈ లెక్కలు కోర్టు వసారాలో ముఖములు ధరించి మాకు కనబడుచున్నవి. ఇటీవల కౌతాళము తట్టు వృద్ధరైతు ఒకడు ప్రామిసరీ నోటు నకలు పట్టుకొని మా యొద్దకు వచ్చెను. విత్తనములకని ఇంటి బంగారము కుదువబెట్టి తెచ్చిన సొమ్ము కుమారుడు ఫోనులో పోగొట్టెను. దానిని రాబట్టుటకై మఱల అప్పు చేసెను. “అయ్యా, వాడు ఏమి కొన్నాడు? కొన్నదేదో ఇంటికి రాలేదే!” అని ఆ ముసలివాడు మమ్మడిగెను. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకే ఈ వ్యాసము.

పోయిన సొమ్ము ఎవరి యింటికి చేరెను? 2023–24లో సొంత ఖాతాపై వ్యాపారము చేయు బజారు సంస్థలు 33,000 కోట్లు, విదేశీ పెట్టుబడి సంస్థలు 28,000 కోట్లు ఖర్చులు తీయకముందు లాభించినవని సెబీ లెక్క. ఆ లాభములో నూటికి 95 వంతులకు పైగా గణకయంత్రములు నడపిన క్రయవిక్రయములవలన వచ్చినది. 2025 జులైలో అమెరికా దేశపు జేన్ స్ట్రీట్ అను సంస్థ సూచీలను వంచి అక్రమలాభము పొందెనని ఆరోపించి, సెబీ 4,843 కోట్ల రూపాయలను జప్తులో నుంచుమని ఉత్తరువు చేసెను. ఆ సంస్థ యారోపణను కాదని అప్పీలుకు పోయినది. విచారణకు ముందు తీర్పు చెప్పుట న్యాయవాదవృత్తిలో నున్న మాకు తగదు. కాని యొక్క మాట అడుగుదుము. కనుఱెప్ప వాల్చునంతలో వందలసార్లు కొని అమ్మగల యంత్రమునకు ఎదురుగా, ఒక చేత టీ గ్లాసు, ఒక చేత ఫోను పట్టి నిలుచుట యే సాహసము? గొడుగు అడ్డుపెట్టి రైలుబండిని ఆపబోవుట గాదా?

ఇచ్చట నొక భేదమును స్పష్టముగా చెప్పవలెను. షేరు కొనుట పాపమని మేమనము. షేరనగా వాటా. తన మిగులు సొమ్ముతో, కంపెనీ లెక్కలు చదివి, ఓపికతో వాటా నిలుపుకొనువాడు ఆ పరిశ్రమ లాభనష్టములలో భాగస్వామి. గోదాములో బేళ్లు గల ఆదోని వర్తకుడు ధర పడిపోవునను భయముచే వాయిదా ఒడంబడిక చేసికొనినను అర్థము కలదు. అట్టి ఒడంబడికలు పుట్టినదే అందులకు. గోదాము లేనివానికి, బేలు లేనివానికి వానితో పనియేమి? వారములోపల, ఒక్కొక్కప్పుడు గంటలోపల, సూచీ యెక్కునా దిగునా యని కాయుట వాటా కాదు, పందెము. గడువు తీరిన గడియలో ఆ కాగితము సున్న కావచ్చును. దానివలన ఏ పరిశ్రమకును ఒక మర గాని, ఒక మగ్గము గాని చేరదు. ఒకని లాభము వేఱొకని నష్టము; నడుమ దలాలి, పన్ను పోగా, ఇరుపక్షముల మొత్తమున ఎప్పుడును తఱుగుదలయే.

చట్టము దీనిని అనుమతించినది గదా యని కొందఱు మమ్ము ప్రశ్నింతురు. చట్టమునే చూతము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను పందెపు ఒడంబడిక చెల్లదని చెప్పుచున్నది. గెలిచినవాడు ఆ సొమ్మునకై కోర్టులో దావా వేయజాలడు. 1999లో సెక్యూరిటీల కాంట్రాక్టుల చట్టమునకు 18ఏ సెక్షను చేర్చి, ఇతర చట్టములలో ఏమున్నను గుర్తింపు పొందిన ఎక్స్‌ఛేంజిలో జరుగు డెరివేటివులు చెల్లునని శాసించిరి. 2000లో సూచీ ఫ్యూచర్లు, 2001లో సూచీ ఆప్షన్లు ఆరంభమైనవి. అందుచే నేడు చెట్టు క్రింద డబ్బు పెట్టి పేకాడువాడు పోలీసులకు చిక్కును. ఫోనులో సూచీపై కాచువాడు ఇన్వెస్టరని పిలువబడును. లైసెన్సు ఉన్నంతమాత్రమున సారాయి పాలగునా? సెబీయే 2024 నవంబరునుండి ఒక్కొక్క సూచీ ఒడంబడిక కనీసవిలువను 15 లక్షలకు పెంచి, వారపు గడువులను ఎక్స్‌ఛేంజికి ఒక్క సూచీకి పరిమితము చేసెను. అపాయము లేనిచో కంచె యెందులకు?

“రైతు మాత్రము జూదమాడుట లేదా? వానతో జూదము, ధరతో జూదము” అని మఱికొందఱు వాదింతురు. వినుటకు ఇంపైన వాదమే, నిజము కాదు. వాన తప్పిన రైతు ఓడును. గులాబీపురుగు పడిన ఓడును. తుంగభద్ర దిగువ కాలువ నీరు చివరి చేలకు చేరకున్న ఓడును. 2024 ఆగస్టులో ఆ జలాశయపు 19వ గేటు కొట్టుకొనిపోయిన రాత్రి ఈ ప్రాంతము ఎట్లు తల్లడిల్లెనో మఱచితిమా? విత్తు నాటిన పిమ్మట, 2025 ఆగస్టులో, విదేశపు పత్తిపై 11 శాతము దిగుమతి సుంకమును కేంద్రప్రభుత్వము ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు చివరివఱకు పొడిగించినప్పుడును దెబ్బ అతనికే. అయినను రైతు ఓడినచోటను కొంత పత్తి మిగులును. దానిని ఎవరో వడకుదురు, ఎవరో నేయుదురు, ఎవరో కట్టుకొందురు. పొరుగువాని నష్టమును కోరి అతడు విత్తడు. అతనిది ప్రమాదముతో కూడిన పని. వీరిది పని లేని ప్రమాదము.

మన పత్తికిని బొంబాయి షేర్లకును గల సంబంధము క్రొత్తది కాదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి, లాంకషైరు మిల్లులకు ఆ దేశపు పత్తి నిలిచిపోగా, మన దేశపు పత్తి ధర ఆకాశమునంటెను. బొంబాయిలో ఆ ధనము షేర్ల పిచ్చిగా మారెను. సముద్రమును పూడ్చి భూమి చేయుదుమన్న బ్యాక్‌బే కంపెనీవారి 5,000 రూపాయల వాటా 50,000 వఱకు పోయెను. 1865లో యుద్ధము ముగిసి పత్తి ధర కూలెను. జులై 1వ తేదీన వాయిదాల గడువు వచ్చెను. చెల్లింపవలసినవారి చేత కాగితములే మిగిలెను. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ వంటి కుబేరుడు దివాలా తీసెను. బొంబాయి బ్యాంకు 1868లో మూతపడెను. పండ్రెండేండ్లు నిండకముందే, 1876లో, నాడు ఆదోని చేరియున్న బళ్లారి జిల్లాలోను, కర్నూలు జిల్లాలోను మహాక్షామము ప్రవేశించెను. బొంబాయి కాగితపు సంపద ఆనాడు మన పల్లెలో ఒక్క గాదెను నింపలేదు.

అట్లయిన మిగులు సొమ్మును ఏమి చేయవలెనందురా? దూరము పోనక్కఱలేదు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతవారిని కూడగట్టి సహకార సంఘమును స్థాపించిరి. 1954లో ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది. ఆ సంఘము తరువాతి కాలమున క్షీణించుట నిజమే; ఆ క్షీణతకు కారణములు వెదకి సరిదిద్దుకొనవలసినదే. అయినను సహకారమున వాటా యనగా నూలు, మగ్గము, గుడ్డ, అమ్మకము. వాటాదారుడు సభలో లేచి లెక్క యడుగగలడు. రైతులు తామే కంపెనీగా కూడుటకు 2002 నుండి చట్టము వీలు కల్పించినది. ఒక గిడ్డంగికి, ఒక నూనెమరకు, ఒక పప్పుమిల్లుకు వాటాలు చేర్చుట మనకు అసాధ్యమా? కోట్లు పోగొట్టుకొను సత్తువ గల జిల్లాకు లక్షలు కూడబెట్టు సత్తువ లేదా?

ఏటేట పంట పనులు తఱిగినతోడనే కౌతాళము, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయము మండలములనుండి కుటుంబములు సుగ్గికి బయలుదేరును. ఇంటికి తాళము వేసి, గుంటూరు సీమలో మిరపకాయలు కోయుటకు పోవును. తల్లిదండ్రుల వెంట బిడ్డలును బడి విడిచి పోవుదురు. ఊరిలో పని లేకపోవుటయే ఈ వలసకు మూలము. పని పుట్టవలెనన్న పెట్టుబడి కావలెను. ఆ పెట్టుబడి మన జేబులలోనుండి ఒక్క గడువునాటి మధ్యాహ్నమున ఆవిరియగుచుండగా, సుగ్గిబండ్లను చూచి మనము జాలిపడుటలో అర్థమేమి?

కావున పఠనమందిరములలోని సోదరులకు మా మనవి యిది. అప్పు చేసి, బంగారము కుదువబెట్టి, విత్తనపు సొమ్ము తీసి ఈ పందెములో దిగబోమని ప్రతిజ్ఞ చేయుడు. సెబీ లెక్కలను మందిరపు గోడకు అంటింపుడు. నష్టపోయిన యువకుని ఎగతాళి చేయక ఇంటివారితో నిజము చెప్పించుడు. నెలకొకసారి రైతును, నేతగానిని పిలిచి, ఊరిలో దేనికి వాటాలు కూర్చవచ్చునో చర్చింపుడు. రేపు తొమ్మిదింబావుకు టీ అంగడి ముందుగా పత్తిచేనికి పోవు ఆ స్త్రీల బండి పోవునప్పుడు, ఫోను దించి ఒక్కసారి తలయెత్తి చూడుడు. రెండవ బొంబాయి యను బిరుదు సంపాదించి పెట్టినది ఆ చేతులే.